దిగుడు చెక్క

లారీకి వెన్నెముక తప్ప ఒళ్లు లేదు. ముందు మూతి, మూతి వెనక ఒక సీటు, ఆ వెనక రెండు పొడుగాటి ఇనుప పట్టాలు, అడుగున చక్రాలు. పట్టాల మధ్య నుంచి నేల కనిపిస్తోంది. ఆ నీడలో ఒక కోడిపెట్ట మన్ను గీరుకుంటోంది.

వడ్రంగి కాశయ్య దాని చుట్టూ తిరిగి చూశాడు గాని ముట్టుకోలేదు. దుంగ ఏదైనా ముందు అరచేయి ఆనించి చూడడం అతని అలవాటు. చెక్క వెచ్చగా ఉందో, చెమ్మగా ఉందో, లోపల పగులు దాచుకుందో చేతికి తెలుస్తుంది. ఇనుము మీద చేయి పెట్టాలంటే మొహమాటంగా ఉంది, పిలవని ఇంట్లోకి అడుగు పెట్టినట్టు.

"తన్నదు లే కాశన్నా. పట్టి చూడు," అన్నాడు యోబు.

లడాయిలో మిలట్రీ బండ్లు తోలి వచ్చినవాడు యోబు. పట్నంలో మిలట్రీవాళ్లు పాత సామాను అమ్మేస్తుంటే ఈ లారీ తెచ్చుకున్నాడు. లడాయికి పోకముందు కాశయ్యను 'అయ్యా' అని పిలిచేవాడు. తిరిగి వచ్చాక 'అన్నా' అంటున్నాడు. మొదటిసారి విన్నప్పుడు కాశయ్యకు మెడ వెనక చీమ పాకినట్టయింది. అది కోపం కాదని అతనికి తెలుసు. ఏమిటో మాత్రం తెలియలేదు. తర్వాత తర్వాత ఆ చీమ రావడం మానేసింది.

"ఏం కావాలె నీకు?"

"మీద చెక్క పరుపు కావాలె. గోడలొద్దు. మూటలెయ్యాలె, గడ్డి తోలాలె, మనుషులు కూసోవాలె."

"ఎడ్లనెటు కడ్తవ్?"

"మూతిల ఉన్నయి. గడ్డి తినయి, పెట్రోలు తాగుతయి."

గోడ వారన తిరగేసిన రోలు మీద కాళ్లు చాపుకుని కూర్చున్న బుగ్గమ్మ నవ్వింది. యోబు తల్లి ఆమె. మోకాళ్లు వంగవు గనక కింద కూర్చోలేదు.

"కాశయ్యా, మాటలు తర్వాత. మంగళారం వరకు కావాలె. సుసన్న నీళ్లాడె యాళ్లకు నేను హయత్‌నగర్ల ఉండాలె. బిడ్డ ఒక్కతే ఉన్నది ఆడ."

"మంగళారమా?"

"కానుపు నీ కోసం ఆగుతదా?"

కాశయ్య అప్పుడు చేయి పెట్టాడు. ఇనుము చల్లగా ఉంది. పట్టా మీద కూర్చున్నాడు. కూర్చోగానే అది కొంచెం కిందికి దిగి మళ్లీ పైకి లేచింది. ఉలిక్కిపడి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ దిగింది, లేచింది.

"ఊపిరి పీలుస్తున్నది," అన్నాడు.

"కింద కమాన్ పట్టీలున్నయి. బరువేస్తే వంగుతయి."

ఆ రోజు ఇంటికి పోయేటప్పుడు దారి పొడుగునా కాశయ్య ఆ వంగడం గురించే ఆలోచించాడు. చిన్నప్పటి నుంచి అతను చేసినవన్నీ ఎడ్ల బండ్లే. బండిలో ఏ చెక్క పెట్టినా ఎద్దు మెడ గుర్తుకు రావాలి. ముందు బరువెక్కితే మెడ కమిలిపోతుంది, వెనక బరువెక్కితే కాడి పైకి లేచి గొంతు బిగుస్తుంది. అతని లెక్కలన్నీ ఒక మెడ చుట్టూ తిరిగేవి. ఈ బండికి మెడ లేదు. బరువు ఎక్కడ పెట్టినా నొప్పి పడేవాళ్లెవరూ లేరు. ఆ సంగతి తెలిశాక కొంచెం సేపు భుజాలు తేలికపడినట్టు అనిపించింది. కాడి తన మీద ఉన్నట్టు ఎప్పుడూ అనుకోలేదు మరి.

పొద్దున్నే పని మొదలుపెట్టాడు. నల్లమద్ది దూలాలు పట్టాల మీద అడ్డంగా పరిచాడు. చెక్కనూ ఇనుమునూ కలిపి బిగిస్తే వానాకాలం రెండూ కొట్లాడుకుంటాయని, మధ్యలో పాత టైరు రబ్బరు కోసి పెట్టాడు. కమ్మరి బిక్షం వంచి ఇచ్చిన ఇనుప కొక్కేలతో ఒక్కో దూలాన్నీ పట్టాకు బంధించాడు. బండి పనిలో అయితే చెక్క చీలలు కొట్టడమే. ఈ మరలు తిప్పే పని అతనికి కొత్త. మొదటి మరను చెక్క కిర్రుమనే దాకా బిగించాడు.

"గంత పీక పిసుకకు అన్నా. చెక్క పలిగిపోతది," అన్నాడు యోబు, బండి కింద నుంచి.

"మరెంత?"

"చెయ్యి చెప్తది."

"నా చెయ్యికి గీ బాస రాదు."

రెండో రోజు మధ్యాహ్నానికి ఆ బాస వచ్చింది. మర ఆగే చోటు ముందు ఒక చిన్న బరువు తగులుతుంది, తలుపు వెనక ఎవరో ఉన్నట్టు. అక్కడితో ఆపాలి. అది పట్టుబడ్డాక కాశయ్య తనలో తాను నవ్వుకున్నాడు. ఈ వయసులో చేతికి కొత్త మాట వచ్చింది.

దాహమేస్తే బుగ్గమ్మ చెంబుతో నీళ్లు ఇచ్చింది. తాగాడు. ఇంటికి పోయాక భార్య నీలమ్మ జొన్నరొట్టె కాలుస్తూ అడిగింది.

"ఆడ నీళ్లు తాగినవా?"

"తాగిన."

"ఎవరి చెంబుతోని?"

"బుగ్గమ్మ చెంబుతోని."

నీలమ్మ రొట్టె తిప్పింది. అంచులు అదిమింది. ఆమె మొహం పొయ్యి వెలుగులో ఉంది గాని ఏమనుకుంటోందో తెలియలేదు.

"సల్లగున్నయా?" అంది చివరికి.

"మస్తు సల్లగున్నయి."

"మన కుండ పాతదైపోయింది. కొత్తది తేవాలె," అని రొట్టె అతని ముందు పెట్టింది.

ఆదివారం యోబు ట్యూబుల కోసం సైకిలు మీద హయత్‌నగర్ పోయాడు. పలకలన్నీ పరచడం అయింది. బొగ్గుమసిలో తడిపిన దారం లాగి గీతలు కొట్టి, అంచులు కోసి, తోపడ పట్టాడు కాశయ్య. మద్ది తీగలు తీగలుగా లేస్తోంది. పలకకూ పలకకూ నడుమ, వానకు ఉబ్బితే ఇరుకు కాకుండా, గోరు పట్టేంత సందు వదిలాడు. అన్నీ అయ్యాక మిగిలిన ముక్కల్లోంచి ఒక మంచి పలక ఏరాడు. అంచులు గుండ్రం చేశాడు, పాదం జారకుండా మీద ఉలితో అడ్డంగా గాట్లు పెట్టాడు. రెండు ఇనుప చేతులతో బండి వెనక మోకాలెత్తున వేలాడగట్టి మరలు బిగించాడు. ఎక్కి తొక్కి చూశాడు. కదల్లేదు. సరిపోయింది అనుకుని చేతులు దులుపుకున్నాడు. ఈ పని చేస్తున్నంతసేపూ అతను వేరే ఏదో ఆలోచిస్తున్నాడు, బహుశా కుండ గురించి.

అప్పుడొచ్చాడు చెన్నయ్య, చేతిలో కర్రతో.

చెన్నయ్య దొర ఉండే కోటలాంటి గడిలో మస్కూరి. ఎవరిని పిలుచుకు రావాలన్నా అతనే పోవాలి. ఎండాకాలంలో సంగం వాళ్లు వచ్చి గడి తలుపు తగలబెట్టిన నాటి నుంచి దొర పట్నంలోనే ఉండిపోయాడు. ఆ నెలల్లో చెన్నయ్య కర్ర మూల పెట్టి మిరపనారు పోసుకున్నాడు, బాగా కాసింది కూడా. మొన్న మిలట్రీ వచ్చి నైజాం లొంగిపోయాక రజాకార్లు మాయమయ్యారు, సంగం వాళ్లు అడవిలోకి జరిగారు. దొర మాత్రం కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. చెన్నయ్య కర్ర కూడా చేతికి తిరిగొచ్చింది. అయితే దాన్ని పట్టుకునే తీరు కొంచెం మరిచిపోయినట్టున్నాడు. ఒకసారి చంకలో పెడతాడు, ఒకసారి భుజాన వేస్తాడు.

"కాశయ్యా, గడి తలుపు సగం కాలింది గద. కొత్తది చెయ్యాలెనట. మంగళారం పొద్దుగాల రమ్మన్నడు దొర."

"మంగళారం బండి కదుల్తది."

"గడి ముందల నుంచే గద పోయేది. ఆడ దిగు."

ఆ మాట అంటూ చెన్నయ్య బండి చుట్టూ తిరిగాడు. పలకలు తట్టి చూశాడు. వెనక్కి వచ్చి ఆగాడు. వేలాడుతున్న చెక్కను చూశాడు. దాని మీద ఒక కాలు పెట్టి, దిగి, మళ్లీ పెట్టి చూశాడు.

"శెబాష్. మరువలే నువ్వు."

"ఏంది?"

"దిగుడు చెక్క. లారీ ఎత్తుంటది, గడి ముందల ముసలోళ్లు ఎట్ల దిగుతరని దొర నిన్ననే అడిగిండు. వడ్ల కాశయ్య చేస్తుండు గద, వాడు చూసుకుంటడని చెప్పిన." చెన్నయ్య మొహంలో మెచ్చుకోలు తప్ప ఎత్తిపొడుపు లేదు. "మంగళారం. యాద్ పెట్టుకో."

అతను పోయాక కాశయ్య ఆ చెక్క ఎదుట నిలబడిపోయాడు.

గడి ముందు నుంచి బండి మీద కూర్చుని పోకూడదు. గడి గోడ మొదలయ్యే చోట అందరూ దిగాలి, గోడ పొడుగునా చెప్పులు చేతబట్టుకుని నడవాలి, గోడ అయిపోయాక ఎక్కాలి. చుట్టుపక్కల ఏ ఊరి బండికైనా అందుకే వెనక ఒక చెక్క ఉంటుంది. కాశయ్య చేసిన ప్రతి బండికీ ఉంది. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. చక్రం లేకుండా బండి ఉండనట్టే అది లేకుండా ఉండదు. ఇప్పుడు కూడా చెక్క కోసింది, గాట్లు పెట్టింది, బిగించింది తన చేతులే. తను ఎక్కడున్నాడు? కుండ గురించి ఆలోచిస్తున్నాడు. చేతులు మాత్రం ఎవరినీ అడగకుండా గడి దాకా పోయి వచ్చాయి.

చెక్క పని మాత్రం చక్కగా కుదిరింది. అది చూసినకొద్దీ అతనికి మింగుడు పడలేదు.

యోబు పొద్దు వాలేటప్పుడు వచ్చాడు. ట్యూబులు దించి, పరుపు మీద పడుకుని ఇటు నుంచి అటు దొర్లాడు, సంబరం ఆపుకోలేని గొర్రెపిల్లలాగా. లేచి వెనక్కి వచ్చాడు.

"గిదేంది అన్నా?"

"దిగుడు చెక్క."

"దేనికి?"

కాశయ్య చెక్క అంచు మీది పొట్టు దులిపాడు. గోడ వారన రోలు మీద నుంచి బుగ్గమ్మ అంది, "గడి ముందల దిగనీకి. ఇంక దేనికి?"

యోబు కొంచెంసేపు తల గోక్కున్నాడు. అరవలేదు. అరిచి ఉంటే కాశయ్యకు జవాబు చెప్పడం సులువయ్యేది.

"గడి ముందల నా బండి ఆగదన్నా. ఆగనప్పుడు దిగేదెవరు?"

"ఆగకపోతే ఏమైతదో నీకు ఎరుకేనా? మిలట్రీ వాళ్లు గడిలనే అన్నం తింటుండ్రు."

"మిలట్రీ అన్నం నేను సుత తిన్న. గది తిన్నోళ్లందరు ఒక్కతీరుగ ఉండరు."

బుగ్గమ్మ చేతికర్ర ఊతంతో లేచి వచ్చింది. చెక్క మీద గాట్లను వేళ్లతో తడిమింది.

"వీడు కడుపుల ఉన్నప్పుడు, నొప్పులు మొదలైనయని నీ బండిలనే తీస్కపోతివి కాశయ్యా, యాదికున్నదా? గడి గోడ రాంగనే దింపినవ్. గోడ పొడుగు నడిచిన. నడుమ రెండుపాలి కూసున్న." ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. నిన్న కూర ఏం వండిందో చెబుతున్నట్టే ఉంది. "దిగుడు చెక్క మాత్రం మంచిగుండె. ఎత్తు సరిపోయింది. లేకుంటే ఆడనే కనేదాన్ని."

కాశయ్యకు యాదికుంది. బండి ముందుకు తోలుతూ, వెనక ఆమె అడుగుల చప్పుడు వినపడుతుంటే, తను ఏమనుకున్నాడో కూడా యాదికుంది. చెక్క బాగా చేశాను, ఇబ్బంది లేకుండా దిగింది అనుకున్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు. మనిషిని దింపే పనిలో తన వంతు ఎంత మెత్తగా చేస్తే అంత మంచివాడినని ఇన్నేళ్లూ అనుకున్నాడేమో. చెక్క లేని బండి అయితే ఆమె 'దిగను, దిగలేను' అని ఉండేదా? అన్నా వినేవారా? ఈ ప్రశ్న ఇంతవరకూ తనకు ఎందుకు రాలేదో అతనికి అర్థం కాలేదు.

మరలు విప్పడం మొదలుపెట్టాడు. బిగించినంత ఓపికగానే విప్పాడు. చెక్క చేతికొచ్చాక బండి వెనక బోడిగా, ఎత్తుగా కనిపించింది.

"మంచిది," అన్నాడు యోబు.

"ఏం మంచిది?" అంది బుగ్గమ్మ. ఆమె బండి అంచు మీద రెండు చేతులూ పెట్టి చూసింది. అంచు ఆమె నడుము పైదాకా ఉంది. "నన్నెట్ల ఎక్కిస్తరు?"

"ఎత్తి కూసోబెడ్త అవ్వా."

"నేనేమన్న జొన్నల బస్తానా? ఊరందరి ముందల కొడుకు ఎత్తి పడేస్తే బిడ్డ కాడికి పోవాల్నా? నడిచిపోత, పో."

"నడిచి హయత్‌నగర్ పోతవా?"

"ఏసయ్య నడవలేదా?"

"ఏసయ్యకు మోకాళ్ల నొప్పులు లేకుండె."

ముగ్గురూ నవ్వారు గాని సంగతి తేలలేదు. చెక్క ఉంటే దిగాలి. లేకపోతే బుగ్గమ్మ ఎక్కలేదు. కాశయ్య పలక చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు. భోంచేస్తున్నంతసేపూ దాన్ని గోడకు ఆనించి చూస్తూనే ఉన్నాడు.

"అన్నంలకు చూడు," అంది నీలమ్మ. "గది లేచి ఎటన్న పోతదా?"

కాశయ్య నమలడం ఆపాడు. "పోవాలె," అన్నాడు. "పోయేటట్టు చెయ్యాలె."

బండి చక్రం ఇరుసు నుంచి జారిపోకుండా ఇరుసు కొనకు ఒక సీల గుచ్చుతారు. సీల ఉన్నంతసేపూ చక్రం ఉంటుంది, లాగేస్తే ఊడి చేతికొస్తుంది. సోమవారం పొద్దున అతను పాత బండి సీలలు రెండు వెతికి పట్టుకుని యోబు ఇంటికి పోయాడు. ఇనుప చేతులను బండికి వదిలేసి, మరలు తీసేసి, వాటి చోట సీలలు పట్టే బెజ్జాలు పెట్టాడు. చెక్కను చేతుల మధ్యకు తోసి రెండు సీలలూ గుచ్చాడు. బుగ్గమ్మ ఒక కాలు పెట్టింది, కాశయ్య భుజం పట్టుకుంది, రెండో కాలు పెట్టింది, బండి మీదికి చేరింది. అక్కడ నిలబడి తన ఇంటి కప్పును చూసింది.

"మన గూనపెంకలు పలిగినయి రా యోబూ. కింద నుంచి అవుపడలే."

కాశయ్య సీలలు లాగాడు. చెక్క ఊడి చేతికొచ్చింది. దాన్ని బండి మీదికి తోశాడు.

"ఎక్కినంక గిది లోపల ఉంటది," అన్నాడు.

యోబు ఆ సీలలను, చెక్కను, తల్లిని మార్చి మార్చి చూశాడు. అర్థమయ్యాక ఇంట్లోకి పోయి బీడీకట్ట తెచ్చి కాశయ్య చేతిలో పెట్టాడు.

"రేపు మొదటి తిప్ప. చేసినోడు బండి మీద ఉండాలె గదా?"

అది వడ్లవాళ్ల రివాజు. కొత్త బండి మొదటిసారి కదిలినప్పుడు చేసినవాడు దాని మీద కూర్చుని చప్పుడు వినాలి. ఎక్కడ వదులుందో బండే చెబుతుంది.

"గడి దాక వస్త," అన్నాడు కాశయ్య. "ఆడ దిగుత. తలుపు పనికి రమ్మన్నరు."

యోబు ట్యూబులు ఎక్కించే పనిలో పడ్డాడు.

మంగళవారం మంచు ఇంకా విడవలేదు. ఆదివారం చర్చి దగ్గరా కల్లు దుకాణం దగ్గరా కబురు పాకినట్టుంది, లారీ చుట్టూ జనం. గోపయ్య వంకాయ గంపలు తెచ్చాడు. శంకరమ్మ కోళ్లను కాళ్లు కట్టి తెచ్చింది. నీలమ్మ వచ్చి, దూరంగా నిలబడి, కొబ్బరికాయ బుగ్గమ్మ చేతికిచ్చింది. బుగ్గమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "మేం కొట్టం గద అక్కా" అంటే, "కొట్టకు, బిడ్డకు పచ్చడి చేసిపెట్టు" అంది నీలమ్మ.

అందరూ చెక్క మీదుగా ఎక్కారు. చివర ఎక్కిన కాశయ్య వంగి సీలలు లాగి చెక్కను పైకి తీసుకున్నాడు. బుగ్గమ్మకు పలకల మీద కాళ్లు చాపుకుని కూర్చోవడం రాలేదు, రోలు ఎత్తు కావాలి. శంకరమ్మ ఒక మూట జరిపింది, గోపయ్య ఇంకో మూట జరిపాడు, ఆ రెండింటి మీద చెక్కను అడ్డంగా వేస్తే పీట అయింది. బుగ్గమ్మ దాని మీద కూర్చుని కొంగు సర్దుకుంది.

లారీ రెండుసార్లు దగ్గి కదిలింది.

పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కాశయ్య కళ్లు మూసుకున్నాడు. ఇంజను వణుకు పట్టాల్లోంచి రబ్బరులోకి, రబ్బరులోంచి దూలాల్లోకి వచ్చి, పలకల్లో పలచబడి, తన తొడల దగ్గరికి వచ్చేసరికి పిల్లి గురక అంత అయింది. దూలాలు బాగున్నాయి. కుడి పక్క బాగుంది. ఎడమ పక్క, వెనకనుంచి మూడో పలక మాత్రం టక్కుమంటోంది. ఒక మర వదులు. బండి చెబుతోంది, అతను వింటున్నాడు. ఎడ్ల మెడల మీద నుంచి చూపు తిప్పకుండా బతికినవాడికి ఇలా కళ్లు మూసుకుని పోవడం కొత్తగా, హాయిగా ఉంది. గోపయ్య ఏదో అన్నాడు, శంకరమ్మ నవ్వింది. కోళ్లు నవ్వలేదు.

కళ్లు మూసుకునే ఉన్నా గడి గోడ వచ్చిందని అతనికి తెలిసింది. మోకాళ్లు చెప్పాయి. వాటంతట అవే బిగుసుకుని ఒంటిని లేపడానికి సిద్ధమయ్యాయి. కళ్లు తెరిస్తే అందరి మోకాళ్లూ అలాగే ఉన్నాయి. గోపయ్య అప్పటికే ముందుకు వంగి సీటు మీది రేకును చరుస్తున్నాడు.

"గడి, గడి. ఆపు యోబూ."

యోబు ఆపేవాడు కాదు. కాని బాట నడుమ చెన్నయ్య కర్ర అడ్డం పట్టి నిలబడ్డాడు. లారీ అతని ముందుకు వచ్చి, నాలుగు బారల దూరంలో వణుకుతూ ఆగింది.

"దిగుండ్రి," అన్నాడు చెన్నయ్య.

గోపయ్య లేచి వెనక్కి పోయాడు. ఒక కాలు కిందికి చాపి గాలిలో వెతికాడు. వంగి చూశాడు.

"చెక్కేది కాశన్నా?"

కాశయ్య పిడికిలి విప్పాడు. అరచేతిలో రెండు సీలలు ఉన్నాయి. వాటిని ఎక్కినప్పటి నుంచి పట్టుకునే ఉన్నట్టు అప్పుడే గమనించాడు. గోపయ్య చూపు సీలల మీద నుంచి బుగ్గమ్మ కూర్చున్న పీట మీదికి పోయింది.

"అవ్వా, జర లెవ్వు. చెక్క కావాలె."

"నేను కూసున్న గద దాని మీద."

"గడి వచ్చింది. దిగాలె."

"నేను హయత్‌నగర్ల దిగుత. మోకాళ్లు గిప్పుడే కుదురుకున్నయి కొడుకా. ఇప్పుడు లేపితే మళ్ల కూసోవు."

గోపయ్య నేలను చూశాడు, గంపలను చూశాడు. దూకవచ్చు, పెద్ద ఎత్తేమీ కాదు. కాని దూకడం వేరు, దిగడం వేరు. చెక్క ఉంటే కాలు తనంతట తాను పోయేది. లేదు గనక ఇప్పుడు దూకాలా వద్దా అని అనుకోవాల్సి వచ్చింది, ఇంతకు ముందెప్పుడూ అనుకోలేదు. శంకరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది భయమో నవ్వో తెలియలేదు. గోపయ్య మెల్లగా వచ్చి తన గంప పక్కన కూర్చున్నాడు. కూర్చుని ఒక వంకాయ తీసి చాలా శ్రద్ధగా తుడవసాగాడు.

చెన్నయ్య వెనక్కి నడిచి వచ్చాడు. ఎడ్లబండ్ల మీదివాళ్లతో మాట్లాడేటప్పుడు అతని మొహం వాళ్ల మొహాలకు సరిగా ఎదురుగా ఉండేది. ఇప్పుడు మెడ ఎత్తాల్సి వచ్చింది. ఎత్తిన మెడతో ఆజ్ఞ ఎలా ఇవ్వాలో అతనికి తెలియలేదు. ఇచ్చేసరికి అది అడిగినట్టు వచ్చింది.

"దిగరా మరి?"

కాశయ్య వైపు తిరిగాడు.

"వాళ్లు సరే, నువ్వన్న దిగు. తలుపు పనుంది గద."

సంచి ఒళ్లో ఉంది. దిగుతానని చెప్పింది తనే. చెన్నయ్య వెనక గడి తలుపు సగం నల్లగా, సగం పాత టేకు రంగులో ఉంది. కాలిన మేర సందులోంచి లోపల ఏదో తెల్లగా కనిపిస్తోంది. మనిషా, ఆరేసిన బట్టా తెలియలేదు. కాశయ్య మోకాళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. వాటిని బలవంతంగా వదిలించలేదు. ఏం చేస్తాయో చూద్దామన్నట్టు ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడంలో ఎడమ పక్క పలక చప్పుడు మళ్లీ వినిపించింది. టక్, టక్.

"చప్పుడు వింటున్న చెన్నయ్యా," అన్నాడు. "మొదటి తిప్ప గద."

"ఎంతసేపు వింటవ్?"

"హయత్‌నగర్ దాక."

"మరి దొరకేం చెప్పాలె?"

"గదే చెప్పు."

చెన్నయ్య కర్ర చంకలో పెట్టుకున్నాడు. తీసి భుజాన వేసుకున్నాడు. ఒకసారి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"నా మిరపకాయలు ఎండినయి. వచ్చే వారం హయత్‌నగర్ సంతకు తీస్కపోతడా యోబు?"

"గది యోబును అడుగు."

"తర్వాత అడుగుత," అని అతను బాట పక్కకు జరిగాడు. కర్రతో నేల మీద ఏదో గీస్తూ, పోతున్న లారీని చూడనట్టు నిలబడ్డాడు.

గోడ చాలా పొడుగు. ఇన్నేళ్లూ చెప్పులు చేతబట్టుకుని, తల వంచుకుని నడిచారు గనక ఎవరికీ దాని పైభాగం తెలియదు. గోడ మీద గచ్చు రాలిపోయిందని, నడుమ ఒక చోట సీతాఫలం మొక్క మొలిచిందని అందరికీ ఆ రోజే కనిపించింది. శంకరమ్మ ఆ మొక్కను వేలితో చూపించింది. తర్వాత గోడ అయిపోయింది. జొన్న చేలు వచ్చాయి. కాశయ్య మోకాళ్లు ఎప్పుడు వదులయ్యాయో అతను గమనించలేదు.

బుగ్గమ్మ గోడకు అవతలి వైపు తిరిగి కూర్చుంది గనక గోడ అయిపోయిందో లేదో ఆమెకు తెలియదు.

"గడి దాటిందా?"

"దాటింది అవ్వా."

"గట్లనా," అంది. "దూరం తక్కువే ఉన్నది. నడిస్తే మస్తు అనిపిస్తుండె."

హయత్‌నగర్‌లో మంచు విడిచి ఎండ పడింది. సుసన్న ఇంటి సందు మొదట్లో యోబు లారీ ఆపాడు. కాశయ్య అందరికన్నా ముందు కిందికి దూకాడు. చెక్క అందుకున్నాడు, ఇనుప చేతుల మధ్యకు తోశాడు, రెండు సీలలూ గుచ్చి అరచేత్తో కొట్టాడు. గోపయ్య గంప ఎత్తుకుని దిగబోయి, ఆగి, పక్కకు తప్పుకున్నాడు.

"నువ్వు దిగు అవ్వా ముందుగాల."

బుగ్గమ్మ అంచు దాకా వచ్చింది. కొబ్బరికాయ కొంగులో మూటకట్టుకుంది. సందులోకి చూసింది. ఒక చిన్న ఇంటి ముందు నిండు నెలల మనిషి ఒకతె నడుము మీద చేయి పెట్టుకుని లారీ వైపు చూస్తోంది, ఇంకా గుర్తు పట్టలేదు.

"ఇగ దిగుత," అంది బుగ్గమ్మ, ఎవరూ అడగకుండానే.

ఒక కాలు చెక్క మీద పెట్టింది. గాట్లు పాదానికి తగిలాయి. రెండో కాలు పెట్టి, అక్కడే కొంచెంసేపు నిలబడింది, దిగడానికి తొందర లేనట్టు.

"ఎత్తు సరిపోయింది కాశయ్యా," అంది.

కాశయ్య తల ఊపాడు. ఆమె నేల మీద నిలదొక్కుకునే దాకా చెక్కను పట్టుకుని ఉన్నాడు. తర్వాత సంచి విప్పి, ఎడమ పక్క మూడో పలక కోసం బండి కిందికి దూరాడు.